తోటి డైరెక్టరు మోసం తెలిసీ ఊరుకుంటే మన పదవి నిలుస్తుందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

భీమవరం నుంచి అమలాపురం దాకా మన డెల్టాలో రొయ్యల ప్లాంటులూ మేత కంపెనీలూ రైసుమిల్లులూ ఇప్పుడు చాలావరకు ప్రైవేట్ లిమిటెడ్‌లు అయిపోయాయండి. ప్రైవేట్ లిమిటెడ్ అంటే కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి కాబట్టి ఇంట్లో ఎవరి ఆధార్, పాన్ చేతికి అందితే వాళ్ళ పేరు రాయించేస్తున్నారు, భార్యో మరదలో బావమరిదో ఇంజనీరింగ్ అయిపోయిన కొడుకో. ఆ తర్వాత కంపెనీలో ఏదో తేడా జరిగిందని వాళ్ళకి తెలుస్తది, అప్పుడు రాత్రుళ్ళు నిద్రపట్టక మాకు రాస్తారు. ఈసారి అలాంటి ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి, అందుకే మిగతావి పక్కనపెట్టి వీటికే చోటిస్తున్నాను. పేర్లూ ఆనవాళ్ళూ తీసేశాను.

ప్రశ్న: మాది ఆకివీడు వైపండి. మావారూ మా బావగారూ కలిసి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు పెట్టారు. మావారు పోయాక ఆయన వాటా నాకూ బాబుకీ వచ్చింది, ఆయన బదులు నన్ను డైరెక్టర్ని చేశారు. బీకాం చదివాను, లెక్కలు కొంచెం అర్థమవుతాయి. ఈమధ్య బ్యాంకుకి పంపే స్టాక్ స్టేట్‌మెంట్ చూస్తే కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకు కంటే చాలా ఎక్కువ రాసుంది, మనకి బాకీ ఉన్నారని చూపించిన పార్టీల్లో కొందరికి మేం ఎప్పుడూ సరుకు పంపనేలేదు. బావగారిని అడిగితే "సీసీ లిమిట్ (సరుకు, బాకీలు చూపించి బ్యాంకులో వాడుకునే అప్పు పరిమితి) నిలబడాలంటే ఇవన్నీ మామూలే అమ్మా, కౌంటు రేటు (రొయ్యల ధర) పెరగ్గానే సర్దేద్దాం, నువ్వు సంతకం పెట్టు చాలు" అన్నారు. చేసింది ఆయన, నేను కాదు. నేను ఊరుకుంటే నాకేమైనా అవుద్దా? డైరెక్టరుగా పనికిరావని తీసేస్తారా? బయటికి చెబితే ఇంట్లో ముఖాలు చూసుకోలేం, అత్తయ్యగారు మంచం మీదున్నారు. – ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మన కంపెనీల చట్టం 2013లో డైరెక్టరుగా ఎవరు పనికిరారో 164వ సెక్షన్‌లో జాబితా ఉంది. "తోటివాడి మోసం తెలిసీ చెప్పనివాళ్ళు" అని అందులో ఎక్కడా లేదు. మీ బావగారి ఆడిటరు మీకు ఈ మాట చెప్పి ధైర్యం చెప్తాడు, ఆయన చెప్పింది అబద్ధం కూడా కాదు, కానీ సగమే చెప్పినట్టు. ఎందుకంటే నోరు మూసుకున్న డైరెక్టరు ఆ 164 దగ్గరికి వేరే దారిలో చేరిపోతారు.

ఆ దారి పేరు 447వ సెక్షన్. మోసం అంటే ఏంటో అక్కడ రాశారు, చేసిన పనే కాదు, చెయ్యకుండా వదిలేసిందీ, దాచిపెట్టిందీ, పదవిని దుర్వినియోగం చేసిందీ, ఇంకొకరు చేస్తుంటే లోపాయికారీగా సహకరించిందీ అన్నీ మోసంలోకే వస్తాయి, ఎదుటివాళ్ళని మోసగించాలనో అన్యాయంగా లాభపడాలనో ఉద్దేశం ఉంటే చాలు, నిజంగా ఎవరికైనా లాభం వచ్చిందా నష్టం వచ్చిందా అన్నది కూడా చూడరు. మోసం విలువ 10 లక్షలు గానీ కంపెనీ టర్నోవరులో 1 శాతం గానీ, ఏది తక్కువైతే అది దాటితే శిక్ష 6 నెలల నుంచి 10 ఏళ్ళ దాకా, దాంతోపాటు మోసం సొమ్ముకి తక్కువ కాకుండా మూడు రెట్ల దాకా జరిమానా. ప్రజా ప్రయోజనం ముడిపడి ఉంటే కనీసం 3 ఏళ్ళు. ఇప్పుడు 164కి రండి, ఏ నేరంలోనైనా 6 నెలలకి తక్కువ కాకుండా శిక్ష పడినవాళ్ళు ఆ శిక్ష పూర్తయ్యాక కూడా 5 ఏళ్ళ దాకా ఏ కంపెనీలోనూ డైరెక్టరు కాకూడదు, 7 ఏళ్ళో అంతకంటే ఎక్కువో పడితే ఇక జీవితంలో కాకూడదు. 447లో కనీస శిక్షా 6 నెలలే, ఇక్కడ గీతా 6 నెలలే, చూశారు కదా.

ఇంకో దారి కూడా ఉంది, దీనికి జైలు శిక్ష అక్కర్లేదు. 2019లో చట్టాన్ని సవరించి 241, 242, 243 సెక్షన్లలో కొత్త మాటలు చేర్చారు. కంపెనీ నడిపేవాళ్ళలో ఎవరైనా మోసం చేసినా, నమ్మకద్రోహం చేసినా, తమ బాధ్యతని పదే పదే నిర్లక్ష్యం చేసినా కేంద్ర ప్రభుత్వం ఎన్‌సీఎల్‌టీకి, అంటే కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి, వెళ్ళొచ్చు. ఈ మనిషి తగినవాడు కాదు అని ట్రిబ్యునల్ తేలిస్తే 5 ఏళ్ళపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండకూడదు. "నిర్లక్ష్యం" అన్న మాట గుర్తుపెట్టుకోండమ్మా, అది మోసం చేసినవాడి గురించి రాసింది కాదు, పక్కన కూర్చుని చూస్తున్నవాళ్ళ గురించి.

ఇవన్నీ సరే గానీ మీ విషయంలో నాకు అన్నిటికంటే భయం వేసేది మీ సంతకం. ప్రతి ఏడూ బ్యాలెన్స్ షీట్‌తో పాటు బోర్డు రిపోర్ట్ అని ఒకటి వస్తది కదా, చివర డైరెక్టర్ల బాధ్యతా ప్రకటన అని ఓ పేరా ఉంటది, చాలామంది చదవరు, ఎక్కడ టిక్కు పెట్టి ఉంటే అక్కడ సంతకం పెట్టి ఇచ్చేస్తారు. 134వ సెక్షన్ ప్రకారం ఆ పేరాలో ఏముంటదంటే, కంపెనీ ఆస్తుల్ని కాపాడటానికీ మోసాల్నీ అవకతవకల్నీ అడ్డుకోవటానికీ పట్టుకోవటానికీ మేం తగినంత జాగ్రత్త తీసుకున్నాం అని. ఇద్దరు ముగ్గురు డైరెక్టర్లున్న కంపెనీలో ఆర్థిక లెక్కల మీద ఇద్దరి సంతకం కావాలి, మీ కంపెనీలో ఆ రెండో సంతకం మీదే అయ్యుంటది. లేని రొయ్యల్ని ఉన్నట్టు రాశారని తెలిశాక ఆ కాగితం మీద మళ్ళీ సంతకం పెడితే ఇక "చేసింది ఆయన, నేను కాదు" అన్న మాటకి బలం ఉండదు, అప్పుడు ఆ అబద్ధం మీరూ చెప్పినట్టే.

నిన్నటిదాకా మీకు తెలీదు, బావగారి మీద నమ్మకంతో పెట్టారు, దాన్ని ఏ కోర్టైనా అర్థం చేసుకుంటది. మీరు చూశారు, అడిగారు, ఆయన ఒప్పుకున్నారు, ఆ రోజు నుంచి లెక్క మారిపోయింది. మిమ్మల్ని ఎవరు అడిగినా రెండే అడుగుతారు, ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశారు. చెరువు గట్టుకి ఎండ్రకాయ బొక్క పడితే చూసినవాళ్ళు ఆ పూటే పూడుస్తారు కదండి, ఎవరి వైపు పడిందని వాదించుకోరు.

ఇక చెయ్యాల్సిన పనులు. ముందు మీ డిజిటల్ సైన్ టోకెన్, అదే కంప్యూటర్లో మీ సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటిది, ఎక్కడుందో చూసుకోండి. మన వైపు అది ఆడిటర్ ఆఫీసు డ్రాయర్లోనే ఉంటది, పాస్‌వర్డ్ కూడా వాళ్ళదే, మీకు తెలీకుండా మీ పేరుతో ఫారాలు వెళ్ళిపోతుంటాయి. అది ఇవాళే తెచ్చుకోండి, పాస్‌వర్డ్ మార్చండి. డైరెక్టరుగా కంపెనీ లెక్కల పుస్తకాలు ఆఫీసు వేళల్లో చూసే హక్కు 128వ సెక్షన్ మీకు ఇచ్చింది, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, స్టాక్ రిజిస్టరూ కోల్డ్ స్టోరేజీ లోపలికి వచ్చిన బయటికి వెళ్ళిన వివరాలూ చూసి కాపీ పెట్టుకోండి. తర్వాత బావగారికీ ఇంకో డైరెక్టరు ఉంటే ఆయనకీ ఈమెయిల్ రాయండి. ఫోన్లో చెబితే లాభం లేదు, ఈమెయిలే కావాలి. తిట్టకుండా, నింద వెయ్యకుండా, ఫలానా తేదీ స్టేట్‌మెంట్లో ఇంత సరుకు ఉంది, రిజిస్టర్లో ఇంతే ఉంది, ఫలానా పార్టీలకి సరుకు వెళ్ళినట్టు బిల్లులు లేవు, బోర్డు మీటింగ్ పెట్టండి, వచ్చే నెల నుంచి బ్యాంకుకి నిజమైన స్టేట్‌మెంటే వెళ్ళాలి, నేను తప్పు లెక్క మీద సంతకం పెట్టను అని. మీటింగ్ జరిగితే మీ అభ్యంతరం మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో జరిగింది రాసే పుస్తకంలో, మీ పేరుతో ఎక్కాలి, ఒప్పుకోని డైరెక్టరు పేరు రాయాలని 118వ సెక్షనే చెప్తోంది. మినిట్స్ డ్రాఫ్ట్ 15 రోజుల్లో మీకు పంపాలి, చదివి మీ మాట లేకపోతే 7 రోజుల్లోపు రాసి పంపండి.

ఆ ఈమెయిల్ కాపీ ఆడిటరుకి కూడా పెట్టండి. పెడితే ఆయనా ఊరుకోలేడు. కంపెనీలో ఆఫీసర్లు గానీ ఉద్యోగులు గానీ మోసం చేస్తున్నారని నమ్మటానికి ఆడిటరుకి కారణం కనిపిస్తే, అది 1 కోటో పైనో అయితే 143వ సెక్షన్ ప్రకారం 2 రోజుల్లో బోర్డుకి రాయాలి, 45 రోజుల్లో జవాబు అడగాలి, ఆ జవాబొచ్చాక 15 రోజుల్లో కేంద్ర ప్రభుత్వానికి పంపాలి. కోటి లోపైతే బోర్డుకి రాస్తే చాలు గానీ అది బోర్డు రిపోర్ట్‌లో బయటపెట్టాలి. ఇప్పటిదాకా ఆయన నాకు తెలీదు అని తప్పుకునుండొచ్చు, మీరు రాశాక ఆ మాట అనలేడు.

రాజీనామా చేసి వెళ్ళిపోతే సరిపోద్దా అని మీరు అడగలేదు గానీ ఆ ఆలోచన వస్తది. 168వ సెక్షన్‌లో రాజీనామా తర్వాత కూడా మీ పదవీకాలంలో జరిగిన తప్పులకి మీరు బాధ్యులే అని స్పష్టంగా ఉంది. పైగా సీసీ లోనుకి మీరు పర్సనల్ గ్యారంటీ ఇచ్చుంటే డైరెక్టరు పదవి వదిలినా గ్యారంటీ వదలదు, ఇల్లు తాకట్టులో ఉంటే ఇంటి మీదకి వస్తది. కాబట్టి ముందు రాయండి, తర్వాత కావాలంటే తప్పుకోండి. బ్యాంకుకి మీరు నేరుగా ఎప్పుడు ఎలా చెప్పాలన్నది మాత్రం మీ సొంత లాయరుతో కూర్చుని తేల్చుకోండి, కంపెనీ లాయరుతో కాదు, బావగారు చూపించిన మనిషితో అసలు కాదు.

ఇంటి సంగతి. మీ బావగారు చెడ్డవారని నేను అనుకోవట్లేదు, రేటు పడిపోయి పార్టీలు పేమెంట్ ఆపేస్తే ఎంతమంది ఇలా జారిపోయారో మన వైపు అందరికీ తెలుసు. కానీ బ్యాంకు స్టాక్ ఆడిట్‌కి వచ్చి తేడా పట్టుకున్న రోజున లిమిట్ ఆగిపోద్ది, అప్పుడు మీకు అరువు మీద రొయ్యలు తోలిన రైతులకి డబ్బు రాదు, పీలింగ్ షెడ్డులో తలలు తీసే ఆడవాళ్ళకి వారం కూలి రాదు. వాళ్ళకి మీ ఇంటి గొడవతో ఏం సంబంధం? ఇప్పుడే బ్యాంకుకెళ్ళి నిజం చెప్పి లోను రీస్ట్రక్చర్ అడిగితే కంపెనీ బతికే అవకాశం ఉంది, పట్టుబడ్డాక అడిగితే చాలా తక్కువ. ఈ మాట అత్తయ్యగారి ఎదురుగా కాకుండా బావగారితో ఒక్కరితోనే, వీలైతే మీ తోడికోడలు పక్కనుండగా చెప్పండి. మీ సంతకాన్ని కాపాడుకోవటం ఆయన మీద కక్ష కాదని ఆవిడకి ముందు అర్థమవుతుందేమో.

ప్రశ్న: ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో నా డిన్ (డైరెక్టరు గుర్తింపు నంబరు) దగ్గర డిస్‌క్వాలిఫైడ్, అంటే అనర్హుడు, అని చూపిస్తోంది. నేను ఏ మోసమూ చెయ్యలేదు, ఎవరి మోసమూ దాచలేదు. స్నేహితుడితో కలిసి పెట్టిన కొబ్బరి పీచు కంపెనీ అసలు మొదలే కాలేదు. – మండపేట

జవాబు: ఇది వేరే సంగతండి, కంగారు పడకండి. 164లోనే రెండో భాగం ఉంది, వరసగా 3 ఆర్థిక సంవత్సరాలు వార్షిక రిటర్నులు వెయ్యని కంపెనీలో డైరెక్టర్లందరూ 5 ఏళ్ళు అనర్హులు. 2017లో ఒక్కసారిగా దేశం మొత్తం మీద 3 లక్షలకి పైగా డైరెక్టర్లని ఇలాగే పక్కన పెట్టారు, నడవని కంపెనీల్ని పట్టించుకోకుండా వదిలేసినవాళ్ళు అందులో చాలామంది. మంచి కంపెనీ సెక్రటరీని పట్టుకుని ఏ కంపెనీ వల్ల, ఏ ఏడు నుంచి అనేది తీయించండి, ఆ 5 ఏళ్ళు ఇప్పటికే అయిపోయి ఉండొచ్చు కూడా. నాకు బాధ అనిపించేది ఒకటే, కాగితం వెయ్యనివాడికి ఆటోమేటిక్‌గా 5 ఏళ్ళు, కళ్ళ ముందు మోసం చూసి నోరు మెదపనివాడికి మాత్రం ఎవరో కేసు పెట్టి నిరూపించేదాకా ఏమీ లేదు, ఇది తలకిందులుగా ఉంది.

ప్రశ్న: నేను బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను, తణుకులో ఉంటాను. స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన ఒక కంపెనీలో ఇండిపెండెంట్ డైరెక్టర్ని. ముడిసరుకు కొనుగోళ్ళు ఎండీ గారి బంధువు పేరున ఉన్న సంస్థ ద్వారా, బజారు రేటు కంటే బాగా ఎక్కువకి జరుగుతున్నాయని నాకు ఆధారాలతో తెలిసింది. తోటి డైరెక్టర్లు "మనకెందుకండీ" అంటున్నారు. గొడవ లేకుండా వ్యక్తిగత కారణాలు అని రాసి తప్పుకుందామనుకుంటున్నాను, వయసు కూడా అయ్యింది. సరైనదేనా?

జవాబు: సరైనది కాదండి, మీలాంటి అనుభవజ్ఞులు అలా చెయ్యకూడదు కూడా.

ఇండిపెండెంట్ డైరెక్టరుకి, అంటే యజమానులతో సంబంధం లేకుండా బయటి నుంచి బోర్డులో కూర్చునే డైరెక్టరుకి, చట్టం ఒక గొడుగు ఇచ్చింది, 149వ సెక్షన్ 12వ ఉపవిభాగం. బోర్డు ద్వారా మీకు తెలిసి, మీ సమ్మతితోనో సహకారంతోనో జరిగినవాటికీ, లేదా మీరు శ్రద్ధ పెట్టని వాటికీ మాత్రమే మీరు బాధ్యులు. తెలీనివాడికి అది రక్షణే. మీకు తెలిసింది, ఆధారాలు కూడా చేతిలో ఉన్నాయి, ఇప్పుడు ఊరుకుంటే ఆ గొడుగు మీరే ముడిచేసినట్టు. అదే చట్టం 4వ షెడ్యూలులో ఇండిపెండెంట్ డైరెక్టర్లకి ప్రవర్తనా నియమావళి ఉంది, మోసం జరిగిందని గానీ జరుగుతోందన్న అనుమానం గానీ ఉంటే రిపోర్ట్ చెయ్యాలని అందులోనే రాశారు, మీ ఆందోళన బోర్డులో తీరకపోతే అది మినిట్స్‌లో రాయాలని పట్టుబట్టాలని కూడా ఉంది. అంటే అనుమానం స్థాయిలోనే నోరు విప్పమన్నారు, రుజువు దాకా ఆగమనలేదు.

వ్యక్తిగత కారణాలు అని రాస్తే ఇంకో చిక్కు ఉంది. లిస్టెడ్ కంపెనీలో ఇండిపెండెంట్ డైరెక్టరు తప్పుకుంటే సెబీ నిబంధనల ప్రకారం వివరమైన కారణాలు 7 రోజుల్లో ఎక్స్ఛేంజీకి వెళ్ళాలి, నేను చెప్పినవి తప్ప ముఖ్యమైన కారణం ఇంకేదీ లేదు అని మీరు ధ్రువీకరించాలి కూడా. మీ దగ్గర ఆధారాలు ఉండగా ఆ మాట మీరు ఎలా రాస్తారు? రేపు మోసం బయటపడితే ఎండీ సంగతి తర్వాత, మీ రాజీనామా ఉత్తరమే అబద్ధం అవుద్ది.

సత్యం కంప్యూటర్స్ మన భీమవరం వైపు కుటుంబం పెట్టిన కంపెనీ, ఇక్కడ ఆ షేర్లు కొనని ఊరు లేదు, ఎంతమంది ఇళ్ళల్లో ఆడపిల్లల పెళ్ళికని దాచారో. 2008 డిసెంబర్ 16న బోర్డు మేటాస్ కంపెనీలు రెండింటిని కొనటానికి ఒప్పుకుంది, అవి ఛైర్మన్ కుటుంబానివే, పెట్టుబడిదారులు మండిపడేసరికి గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఒక్కొక్కరూ తప్పుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ ఉత్తరం వచ్చింది, బ్యాంకుల్లో ఉందని చూపించిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేవని. కేంద్రం ఆ బోర్డుని పక్కనపెట్టి కొత్తవాళ్ళని వేసింది. 2014లో సెబీ ఛైర్మన్‌ని 14 ఏళ్ళు మార్కెట్ నుంచి దూరం పెట్టింది, 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 7 ఏళ్ళ శిక్ష వేసింది, దాని మీద అప్పీలుకి వెళ్ళారు. ఇంత పెద్ద పేర్లున్న బోర్డులో ఒక్కరు, ఒక్క మీటింగులో, బ్యాంకు నుంచి బ్యాలెన్సు ధ్రువీకరణ నేరుగా మాకు తెప్పించండి అని గట్టిగా అడిగి ఉంటే ఎంత ముందుగా బయటపడేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తది.

రోజువారీ వ్యవహారాలు నాకు తెలీవు అన్న జవాబుని సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు, పిరమిడ్ సైమిరా అనే సినిమా థియేటర్ల కంపెనీ కేసులో 2013లో తీర్పు ఇచ్చింది. ఆ కంపెనీ లెక్కల్లో లేని ఆదాయాలు చూపించారు, ఒక హోల్ టైమ్ డైరెక్టరు (కంపెనీలోనే పూర్తికాలం పనిచేసే డైరెక్టరు) నాకు సంబంధం లేదన్నారు, సెబీ వేసిన 2 ఏళ్ళ నిషేధాన్నీ 50 లక్షల జరిమానానీ కోర్టు నిలబెట్టింది. మీరు హోల్ టైమ్ కాదు నిజమే, కానీ మీ దగ్గర ఆధారం ఉంది, ఆయన కంటే మీ పరిస్థితి సులువేం కాదు.

ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కి ఆధారాలతో రాయండి, సంబంధిత పార్టీల లావాదేవీలు ఆ కమిటీ ముందుకి రావాల్సినవే. మినిట్స్‌లో ఎక్కించండి. విజిల్ మెకానిజం అని, కంపెనీలో తప్పు జరుగుతోందని తెలియజేసే ఏర్పాటు, లిస్టెడ్ కంపెనీల్లో తప్పనిసరిగా ఉంటది, 177వ సెక్షన్, దాని ద్వారా కూడా పెట్టొచ్చు. ఇవన్నీ చేశాక కూడా బోర్డు కదలకపోతే అప్పుడు తప్పుకోండి, అసలు కారణం రాసి తప్పుకోండి.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటాడు. స్నేహితుడితో కలిసి లిమిటెడ్ కంపెనీ పెట్టి ఇద్దరూ డైరెక్టర్లు అయ్యారు. కరోనా టైములో ఆ స్నేహితుడు టర్నోవరు ఎక్కువ చూపించి బౌన్స్ బ్యాక్ లోను తీసుకుని సొంతానికి వాడేసుకున్నాడట, మావాడికి ఆ తర్వాత తెలిసింది, స్నేహం చెడుతుందని ఎవరికీ చెప్పలేదు. కంపెనీ మూసేశారు. ఇప్పుడు ఇద్దరికీ ఉత్తరాలు వచ్చాయట, డైరెక్టరుగా నిషేధం వేస్తామని. మావాడు డబ్బు ముట్టలేదు బాబూ. – ఒక తండ్రి

జవాబు: అయ్యా, అక్కడి చట్టం మనకంటే ఈ విషయంలో చాలా సూటిగా ఉంటది. 1986 నాటి డైరెక్టర్ల అనర్హత చట్టం ప్రకారం దివాలా తీసిన కంపెనీ డైరెక్టరు నడవడిక చూసి, ఈ మనిషి కంపెనీ నడపటానికి తగడు అని కోర్టుకి అనిపిస్తే 2 ఏళ్ళకి తగ్గకుండా 15 ఏళ్ళ దాకా నిషేధించాల్సిందే. జైలు శిక్ష పడాలన్న షరతు లేదు. మామూలు తప్పులకి 5 ఏళ్ళ లోపు, తీవ్రమైనవాటికి 6 నుంచి 10, మరీ ఘోరమైనవాటికి 10 పైన అని అక్కడి అప్పీలు కోర్టు ఎప్పుడో కొలత పెట్టింది. దివాలా ప్రక్రియ లేకుండా ఊరికే మూసేసి రిజిస్టరు నుంచి తీయించుకున్న కంపెనీల డైరెక్టర్ల మీద కూడా విచారణ చేసేలా 2021 డిసెంబరులో కొత్త చట్టం తెచ్చారు, సరిగ్గా ఈ కరోనా లోన్ల కోసమే. ఆ లోను 50,000 పౌండ్ల దాకా ఇచ్చేవారు, అదీ టర్నోవరులో 25 శాతం మించకుండా, బ్యాంకుకి పూచీ మొత్తం ప్రభుత్వానిదే, అందుకే ప్రజల డబ్బు పోయిందని అంత పట్టుదలగా ఉన్నారు.

మావాడు ముట్టలేదు అన్నారు, అది అబ్బాయికి పనికొచ్చే మాటే, స్నేహితుడితో సమానంగా చూడకపోవచ్చు. కానీ ముట్టకపోతే చాలదు. అక్కడ 1997లో ఒక కుటుంబ కంపెనీ కేసు వచ్చింది, పార్క్ హౌస్ ప్రాపర్టీస్ అని, నడిపిందంతా తండ్రి, భార్యా పిల్లలూ పేరుకే డైరెక్టర్లు, ఏమీ చెయ్యలేదు, ఏమీ చెయ్యకపోవటమే తప్పు అని వాళ్ళకీ 2 ఏళ్ళు నిషేధం వేశారు. మన ఊళ్ళల్లో ఎన్ని కంపెనీలు అచ్చం అలా ఉన్నాయో చూడండి.

ఇంకోటి మీ అబ్బాయి సంగతికి ఇంకా దగ్గర. లెక్సీ హోల్డింగ్స్ అని అప్పులిచ్చే కంపెనీ, నడిపేది అన్న, ఇద్దరు చెల్లెళ్ళు డైరెక్టర్లు. అన్నకి అంతకుముందే నిజాయితీ లేని నేరాల్లో శిక్ష పడిందని చెల్లెళ్ళకి తెలుసు, ఆడిటర్లకి చెప్పలేదు, అప్పిచ్చిన బ్యాంకుకి చెప్పలేదు, అన్న దగ్గర దగ్గర 6 కోట్ల పౌండ్లు దారి మళ్ళించాడు. 2009లో అప్పీలు కోర్టు, మీరు చెప్పి ఉంటే ఇది ఆగేది, కాబట్టి నష్టానికి మీరూ బాధ్యులే అని తేల్చింది. అది అనర్హత కేసు కాదు, పరిహారం కేసు, అయినా మౌనం గురించి కోర్టు ఏమనుకుంటుందో దాన్నిబట్టి తెలుస్తది. అంతకుముందు 2004లో ఐటమ్ సాఫ్ట్‌వేర్ కేసులోనైతే డైరెక్టరు తన సొంత తప్పుని కూడా కంపెనీకి చెప్పుకోవాల్సిందే అన్నారు, అలాంటప్పుడు స్నేహితుడి తప్పు దాచటాన్ని ఎలా సమర్థించుకుంటాం.

ఉత్తరానికి జవాబు ఇవ్వకుండా ఊరుకోవద్దని అబ్బాయికి ఈరోజే చెప్పండి, అదే ఇప్పుడు అన్నిటికంటే పెద్ద ప్రమాదం. అనర్హత కేసులు చూసే సొలిసిటర్ని, అంటే అక్కడి లాయర్ని, పెట్టుకోమనండి. తనకి ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది, ఆ రోజుల్లో స్నేహితుడితో నడిచిన మెసేజులు ఏంటి, కంపెనీ బ్యాంకు ఖాతా తన చేతిలో ఉందా లేదా, అన్నీ తేదీలవారీగా నిజంగా రాసుకోమనండి, ఒక్క మెసేజు కూడా చెరపొద్దనండి. కోర్టుదాకా వెళ్ళకుండా తనంతట తాను ఇన్నేళ్ళు డైరెక్టరుగా ఉండను అని హామీపత్రం ఇచ్చే పద్ధతి కూడా ఉంది, కోర్టు ఖర్చు తగ్గుద్ది, కానీ దాని బలం కోర్టు ఉత్తర్వు అంతే, పేరు పబ్లిక్ రిజిస్టరులో పడుద్ది, అందుకని సొలిసిటరు చూడకుండా సంతకం పెట్టొద్దు. నిషేధం పడ్డాక వేరేవాళ్ళ పేరు మీద కంపెనీ పెట్టి వెనక నుంచి నడిపితే 2 ఏళ్ళ దాకా జైలు, ఆ కంపెనీ అప్పులకి సొంతంగా బాధ్యత. అమ్మ పేరు మీద పెడదాం, నాన్న పేరు మీద పెడదాం అని ఎవరైనా సలహా ఇస్తే మీరు ఒప్పుకోకండి. అనర్హుడైనా ఉద్యోగం చేసుకోవచ్చు, కంపెనీ నిర్వహణలోకి మాత్రం వెళ్ళకూడదు, బతుకు ఆగిపోదని అబ్బాయికి ధైర్యం చెప్పండి.

ప్రశ్న: కాకినాడలో ఒక కంపెనీలో డైరెక్టర్ని. మీ సలహా ప్రకారం మోసం గురించి బోర్డుకి, ఆడిటరుకి రాస్తే రేపు కేసు నా మీద కూడా పెడతారు కదా, రాసినందుకు నాకు ఒరిగేదేంటి?

జవాబు: కేసులో మీ పేరు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరండి, ఎఫ్ఐఆర్ రాసేటప్పుడు డైరెక్టర్లందరి పేర్లూ రాసేస్తారు, ఇది మన దగ్గర అలవాటైపోయింది. కానీ 463వ సెక్షన్ అని ఒకటుంది, నిజాయితీగా, సబబుగా నడుచుకున్న ఆఫీసర్ని అన్ని పరిస్థితులూ చూసి కోర్టు బాధ్యత నుంచి పూర్తిగానో కొంతో తప్పించొచ్చు, కేసు రాబోతోందని భయం ఉంటే ముందుగానే హైకోర్టుకి కూడా వెళ్ళొచ్చు. బ్యాంకులు కూడా ఇప్పుడు ఖాతాని మోసం అని ముద్ర వేసే ముందు నోటీసిచ్చి జవాబుకి కనీసం 21 రోజులు ఇవ్వాలి, 2023లో సుప్రీంకోర్టు అలా వినకుండా ముద్ర వెయ్యకూడదంది, 2024 జులైలో రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో పెట్టింది. ఆ 21 రోజుల్లో మీరు ఏం చూపిస్తారు? నాకు తెలీదు అంటే నమ్మరు, అప్పుడే రాశాను ఇదిగో ఈమెయిల్, ఇదిగో మినిట్స్ అంటే వింటారు.

నన్నడిగితే 164లో ఇంకో వాక్యం చేర్చాలి. తోటి డైరెక్టరు మోసం తెలిశాక ఇన్ని రోజుల్లోగా బోర్డుకీ ఆడిటరుకీ రాతపూర్వకంగా చెప్పనివాళ్ళు అనర్హులు అని, ఆ గడువులో చెప్పినవాళ్ళ మీద ఆ మోసానికి కేసు పెట్టకూడదు అని. రెండో సగం లేకుండా మొదటి సగం పెడితే జనం ఇంకా దాస్తారు. ఆకివీడు సోదరి లాంటివాళ్ళకి చట్టం ఒక వైపు భయం చూపిస్తోంది గానీ, ఇటు రామ్మా నీకేం కాదు అని ఇంకో వైపు తలుపు తియ్యట్లేదు, ఆవిడ ఈ వారం ఎవర్ని నమ్మి ఆ ఈమెయిల్ పంపాలి? ఎంపీలూ చార్టర్డ్ అకౌంటెంట్ల సంఘాలూ దీని గురించి గట్టిగా అడగాలి.

అప్పటిదాకా మీరు రాసే ఈమెయిల్ కంపెనీ ఇచ్చిన ఐడీ నుంచి మాత్రమే పంపకండి, మీ సొంత ఐడీని కూడా కాపీలో పెట్టుకోండి. గొడవ మొదలైన రోజున కంపెనీ ఐడీ పాస్‌వర్డ్ ముందు మార్చేది వాళ్ళే.